మా మేనత్త ముడి, నా కడుపుమంట

అసూయ మంచిది కాదని మీకు చిన్నప్పుడే చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. నేను వినలేదు. స్కానింగ్ గదిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క సెలవైనా పెట్టకుండా నాతోపాటు డ్యూటీకి వచ్చింది అదొక్కటే. రేడియోగ్రఫీ చదువుకునే పిల్లల కోసం ఏదన్నా రాయమన్నారు కాబట్టి జాగ్రత్తల గురించీ క్రమశిక్షణ గురించీ రాస్తాననుకుంటారేమో. అవి మీ పుస్తకాల్లో బోలెడు ఉన్నాయి. నేను మా మేనత్త ముడి గురించి రాస్తాను.

ఎనభైల చివరి సంగతి. బెజవాడలో మేం పనిచేసే ఆసుపత్రికి సీటీ స్కాన్ యంత్రం వచ్చిన కొత్త. దాని మీద పనిచేయడానికి నన్నూ ఇంకొకతన్నీ ఒకేసారి తీసుకున్నారు. నాది నూజివీడు, అతనిది తెనాలి. పెళ్ళి కాకముందే బట్టతల వచ్చేసింది పాపం. అయినా అతనంటే అందరికీ ముద్దే. ఆయాలతో మాట్లాడినా, డాక్టర్లతో మాట్లాడినా, ఆఖరికి యంత్రం మొరాయిస్తే దాన్ని బతిమాలుకున్నా మాట చివర 'అండీ' ఉండాల్సిందే. క్యాంటీనులో అతని ఇడ్లీలో మాత్రమే రెండోసారి చట్నీ పడేది. నేనూ అదే పని చేసేదాన్ని, అతనికంటే శుభ్రంగా చేసేదాన్ని. నాకు చట్నీ అడిగితే 'అయిపోయిందమ్మా' అనేవాళ్ళు. నవ్వకండి. మనిషికి ఒళ్ళు మండేది ఇలాంటి వాటికే.

మా పెద్ద డాక్టరుగారు నరాల డాక్టరు, ఉంగుటూరు వైపు మనిషి. ఆయనకో సందేహం పట్టుకుంది. మెదడు లోపల తెల్లటి భాగం ఒకటుంటుంది. మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబుర్లు మోసే తీగలన్నీ అందులోనే ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ ఆ తెల్ల భాగం అక్కడక్కడా దెబ్బతింటుంది. సీటీ ఫిల్ములో ఆ చోట్లు మబ్బు పట్టినట్టు మసగ్గా, నల్లగా కనిపిస్తాయి. ఏ జబ్బూ లేకుండా తమ పని తాము చేసుకుంటున్న ముసలివాళ్ళలో ఆ మసక ఎంత తొందరగా పెరుగుతుంది, పెరిగితే మనిషిలో ఏం మారుతుంది? ఇదీ ఆయన తెలుసుకోవాలనుకున్నది. అందుకని ఒకే మనిషిని కొన్నేళ్ళ ఎడంతో మళ్ళీ మళ్ళీ స్కాన్ తీసి, పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఊళ్ళు మారని మనుషులు కావాలి. మామిడి తోటల వాళ్ళు తోటలొదిలి ఎక్కడికి పోతారు? మా నూజివీడు, రెడ్డిగూడెం వాళ్ళయితే సరిపోతారన్నారు. వాళ్ళని ఒప్పించి వ్యానెక్కించే పని నా నెత్తిన పడింది.

ఒప్పించాను. ఇల్లిల్లూ తిరిగాను. 'అందులోకి తలకాయ పెడితే తెలివంతా అది లాగేసుకుంటుందటగా' అన్నవాళ్ళకి నచ్చజెప్పాను. హనుమాన్ జంక్షన్‌లో వ్యానాపి టీలు ఇప్పించి, వాంతులు చేసుకుంటే వీపు నిమిరి, బెజవాడ దాకా తీసుకొచ్చి దింపేదాన్ని. దిగగానే అందరూ అతని చుట్టూ మూగేవాళ్ళు. 'రండమ్మా, ప్రయాణంలో అలిసిపోయారాండీ' అని చెయ్యందించేవాడు. అంతే, తీసుకొచ్చిన నేను వ్యాను డ్రైవరుతో సమానమైపోయేదాన్ని.

వాళ్ళు అతన్ని నెత్తిన పెట్టుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. స్కాను బల్ల మీద వెల్లకిలా పడుకుంటే తల ఒక గుంటలాంటి దాంట్లో ఇమడాలి. కంటి చివర నుంచి చెవి దాకా గీత గీసినట్టు ఊహించుకుని, ఆ గీతకి సరిపోయేలా తల చుట్టూ ఉండే యంత్రం రింగుని వంచాలి. అప్పుడే ప్రతిసారీ ఒకే చోట కోసినట్టు బొమ్మలొస్తాయి. ఆడవాళ్ళకి మెడ మీద ముడి ఉంటే తల గుంటలో కూర్చోదు. ముందుకి వంగి గడ్డం గుండెకి ఆనుకుంటుంది. రింగు అంతలా వంగదు. కాబట్టి ముడి విప్పాలి.

నేను విప్పించేదాన్ని. మొహం మీదే 'విప్పండి మామ్మగారూ, విప్పితేగానీ తీయను' అనేదాన్ని. అతనికి నోరు పెగిలేది కాదు. పరాయి మగాడు, తల్లి వయసు ఆవిడని జుట్టు విరబోసుకోమని ఎట్లా అడుగుతాడు? పిన్నులు మాత్రం తీయించి, 'ముడి అలాగే ఉండనివ్వండమ్మా, పర్లేదండీ' అనేవాడు. మొహమాటం. నూజివీడు దాకా పాకిపోయింది ఈ వార్త. తెనాలి అబ్బాయి మర్యాదస్తుడు, మన ఊరి పిల్ల జుట్టు విరబోయిస్తుంది, అని.

ఇక మా మేనత్త. మా నాన్నకి అక్క. మామయ్య పోయాక నూజివీడులో మామిడికాయల కొట్టు తనే నడిపింది. పూత మీద తోట చూసి, ఈ తోట నిలబడుతుంది, ఈ తోట రాలిపోతుంది అని చెప్పేది. ఆవిడ చూసిన తోటని ఇంకో షావుకారు అడిగేవాడు కాదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆ మనిషి మా ఊరివాళ్ళందరి ముందూ, నేను తీసే వరసలోంచి లేచి అతను తీసే వంతు వచ్చేదాకా కూర్చుంటానంది.

నేను చెవి దగ్గరికెళ్ళి, ఇంట్లో నేనే కదా నీ తల దువ్వుతాను, ఇక్కడ విప్పితే ఏం పోయింది అని అడిగాను.

"జుట్టు విరబోసుకుని వెల్లకిలా పడుకునేది ఒక్కసారేనే. అప్పుడెలాగూ మీరే పడుకోబెడతారు. ఇప్పట్నుంచీ తొందరేంటి?" అంది అత్తయ్య.

అతని చేతే తీయించుకుంది. ముడితోనే. ఆ ఎండాకాలం మామిడికాయల దింపు మొదలవగానే ఆసుపత్రికి ఒక బుట్ట వచ్చింది. ఎండుగడ్డిలో మగ్గిన చిన్నరసాలు, చేత్తో ఏరినవి. తెనాలి అబ్బాయికి అని చెప్పి పంపింది. అతను అందరికీ పంచాడు, నాకు రెండెక్కువే ఇచ్చాడు. మా చెట్టు పండు అతని చేతి మీదుగా తినాల్సి వచ్చింది. తిన్నాను. ఎంత తియ్యగా ఉందో అంత మంట పుట్టింది.

రెండు పూతలు గడిచాయి. రెండో విడత స్కానులు మొదలయ్యాయి. ఎవరు మొదట ఎవరికి తీశారో వాళ్ళే మళ్ళీ తీయాలన్నారు డాక్టరుగారు. ఈసారి అత్తయ్యని మా బావ, అంటే ఆవిడ కొడుకు, వెంటబెట్టుకుని వచ్చాడు. అత్తయ్య తల మీద పైట కప్పుకుని ఉంది. పైట తీస్తే గుండు. తోటలు బాగా కాస్తే తలనీలాలిస్తానని మొక్కుకుందట, కొండకెళ్ళి ఇచ్చి వచ్చింది. విప్పడం వేరు, దేవుడికివ్వడం వేరు అంది నేనడక్కుండానే.

బావ నన్ను వరండాలోకి పిలిచాడు. అమ్మకి ఈ మధ్య పేర్లు తడబడుతున్నాయన్నాడు. రెడ్డిగూడెంలో ఒక తోట రైతుని, ఎప్పుడో పోయిన వాళ్ళ నాన్న పేరు పెట్టి పిలిచిందట. ఆ రైతు నవ్వేశాడు, పక్కనున్న షావుకార్లు నవ్వలేదు. ఈసారి పూతకి ఆవిడని తోటల్లోకి పంపాలా, కొట్టు తాళాలు తీసుకుని ఇంట్లో కూర్చోబెట్టాలా తేల్చుకోలేకపోతున్నాడు.

"ఫిల్ములో ఏదుంటే అది చెప్పమను డాక్టరుగారిని. తలలో ఏదన్నా పెరుగుతుంటే ఇక నేను ఊరుకోను," అన్నాడు. చెడ్డవాడేం కాదు. భయపడ్డాడు.

ఈ మాట అత్తయ్యకి తెలుసు. బల్ల ఎక్కే ముందు నాతో ఒక్కటే అంది. "పూత చూడకుండా ఇంట్లో కూర్చుంటే నాకు ఏడాది మొదలవదే."

వారం తిరక్కముందే డాక్టరుగారు మా ఇద్దర్నీ పిలిచారు. లైటు పెట్టె మీద అత్తయ్య ఫిల్ములు, పాతవి ఒక పక్క, కొత్తవి ఒక పక్క. పాతదాంట్లో మసక దాదాపు లేనట్టే ఉంది. కొత్తదాంట్లో అదే వరస బొమ్మలో రెండు పక్కలా మబ్బులు కమ్మినట్టుంది. అందర్లోకీ ఈవిడకే ఎక్కువ మార్పు వచ్చిందని ఆయన గబగబా చెప్పుకుపోయారు. ఇంత స్పష్టమైన తేడా తను ఇంతవరకూ చూడలేదన్నారు. తర్వాత నా మొహం చూసి, ఆవిడ నాకేమవుతుందో గుర్తొచ్చి గొంతు తగ్గించారు. మర్నాడు బావని రమ్మని కబురు పెట్టమన్నారు. వెళ్ళబోతూ అతని వైపు తిరిగి, "ఫిల్ములంటే ఇలా ఉండాలయ్యా," అన్నారు.

ఇక్కడ దాచుకోవడం దేనికి? మా అత్తయ్య మెదడు చెడిపోతోందన్నారు. గుండెల్లో రాయి పడింది, నిజమే. కానీ చెవిలో గింగురుమన్నది మాత్రం ఆ చివరి మాట. ఫిల్ములంటే ఇలా ఉండాలట. నా ఫిల్ములెప్పుడూ అలాగే ఉండేవి. ఒక్కరోజు కూడా ఎవరూ అనలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక ఆ ఫిల్ములు మళ్ళీ తీసి లైటు పెట్టె మీద పెట్టాను. అత్తయ్య కోసం కాదు. వాటిలో తప్పు పట్టడం కోసం. ఒక గీత, ఫిల్ము కడిగే మందు మరక, ఒక వేలిముద్ర, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని అంగుళం అంగుళం వెతికాను. మరకలేం లేవు. వెధవది, ఎంత శుభ్రంగా పనిచేశాడో. పళ్ళు నూరుకుంటూ ఫిల్ము అంచుల దాకా వచ్చాను, ఎముక దాకా.

పాత ఫిల్ములో, ఆ బొమ్మలో, ముందు వైపు కంటి గూడు పైకప్పు కనిపిస్తోంది. కొత్త ఫిల్ములో అదే వరస బొమ్మలో అది లేదు. మసక పెరగొచ్చు, తరగొచ్చు. కంటి గూడు కిందికి జారిపోదు కదా. అంటే ఈ రెండూ ఒకే చోట కోసిన బొమ్మలు కావు. ఒకటి ఏటవాలుగా కోసినది.

ముడి. మొదటిసారి ముడి ఉంది, తల ముందుకి వంగింది. రెండోసారి గుండు, తల గుంటలో చక్కగా కూర్చుంది. అతను తీసిన మిగతా ఆడవాళ్ళందరికీ రెండుసార్లూ ముడి ఉంది కాబట్టి రెండుసార్లూ ఒకే వంకర, తేడా తెలియలేదు. నా వాళ్ళకి రెండుసార్లూ ముడి లేదు. మా అత్తయ్య ఒక్కతే మధ్యలో వెంకన్నకి జుట్టిచ్చి వచ్చింది.

చెప్పొద్దూ, ముందు నాకు కలిగింది సంతోషం. అత్తయ్య గుర్తొచ్చింది ఆ తర్వాతే.

డాక్టరుగారికి ఒంటరిగా చెప్పొచ్చు. చెప్పలేదు. అతను కూడా ఉన్నప్పుడే చెప్పాలని భోజనం మానేసి కాచుకుని కూర్చున్నాను. అతను రాగానే ఇద్దరి ముందూ కంటి గూడు చూపించాను. ముడి సంగతి చెప్పాను. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. నేను మాత్రం అతన్నే చూస్తున్నాను, ఏం సాకు చెబుతాడా అని.

"అవునండీ. తప్పు నాదేనండీ. ఆవిణ్ణి ముడి విప్పమనడానికి నాకు మొహమాటమేసిందండీ," అన్నాడు అతను.

అంతే. గింజుకోలేదు, యంత్రం మీదికి నెట్టలేదు. తప్పు చేసినవాడు అంత హాయిగా ఒప్పేసుకుంటే పట్టుకున్నవాళ్ళకి ఇక మిగిలేదేముంది?

అవసరం లేకుండా మనిషిని మళ్ళీ ఆ రింగులోకి పంపకూడదని డాక్టరుగారి నియమం. ఇది మాత్రం అవసరమేనన్నారు. కానీ ఆవిడకిప్పుడు జుట్టు లేదే, పాత వంకర ఎట్లా తెస్తాం అని అడిగారు. తల కింద ఎత్తు పెడతానన్నాను. ఎంత ఎత్తు అన్నారాయన. చిన్నప్పట్నుంచీ నేను దువ్వి చుట్టిన ముడి. అది ఎంతుండేదో చెప్పమంటే చేతులు గాల్లో తిప్పుతున్నాను.

అతను పిడికిలి బిగించి చూపించాడు. "ఇంతండీ. కాస్త ఎడమకి ఉండేదండీ."

ఆ పిడికిలి చూసి నాకు కలిగిన మంట ఇప్పటికీ చల్లారలేదు.

బావకి ఫోను చేసి, మర్నాడు అత్తయ్యని కూడా వెంటబెట్టుకుని, కొట్లోంచి ఒక చుట్టకుదురు పట్టుకురమ్మన్నాను. గంపలు మోసే ఆడవాళ్ళు తల మీద పెట్టుకునే గుడ్డ చుట్ట అది. ఎందుకో అర్థంకాక సంచిలో పెట్టుకుని తెచ్చాడు పాపం. అత్తయ్యని బల్ల ఎక్కించి, నున్నటి గుండు కింద ఆ కుదురు పెట్టాను. అతను వచ్చి దాన్ని కాస్త ఎడమకి జరిపాడు. ఆ రోజు మీటలు నొక్కింది నేను. గోడకవతల బావ అటూ ఇటూ తిరుగుతున్న చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఫిల్ము కడిగి, తడి ఆరకముందే పాతదాని పక్కన పెట్టాం. కంటి గూడు వచ్చింది. మబ్బులు పోయాయి. అంటే అసలే లేవని కాదు, పాతదాంట్లో ఉన్నదానికి పిసరంత ఎక్కువ. వయసు పెరిగినంత పెరిగిందన్నారు డాక్టరుగారు. బావకి ఇదంతా ఎట్లా చెప్పాలో ఆయనకి తోచలేదు. నేను చెప్పాను. కాయని నిలువునా కోస్తే టెంక ఒకలా కనిపిస్తుంది, ఏటవాలుగా కోస్తే ఇంకోలా కనిపిస్తుంది, కాయ మారిందా బావా అన్నాను. మామిడి షావుకారు కదా, ఇట్టే పట్టేశాడు. మరి పేర్లు మర్చిపోవడమో అని నసిగాడు. దానికి ఈ ఫిల్ము జవాబు చెప్పదు, ఈ ఫిల్ము చూపించి ఆవిడ చేతిలో తాళాలు మాత్రం లాక్కోకండి అన్నారు డాక్టరుగారు. బావ బరువంతా దింపుకున్నట్టు బెంచీ మీద కూలబడ్డాడు.

లోపల అతను అత్తయ్య బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా మొహమాటం మీ తలకి చుట్టుకుందండీ. వచ్చేసారికి మీ జుట్టు పెరుగుతుంది. అప్పుడు ముడి విప్పమని అడుగుతాను. కోప్పడకండి."

"అప్పటికి చూద్దాంలే నాయనా. నీ తప్పేముంది, నా పరువు కాచావు," అని, నా వైపు తిరిగి, "నువ్వు కుదురు మరీ గట్టిది పెట్టావే, మెడ పట్టేసింది," అంది.

ఆ ఏడు పూతకి అత్తయ్య తోటల్లోకి వెళ్ళింది. దింపు మొదలయ్యాక ఆసుపత్రికి బుట్ట వచ్చింది, తెనాలి అబ్బాయికి, చిన్నరసాలు. నాకు ఇంటికి కలెక్టరు రకం మామిడికాయలు పంపింది, పులుసులో వేసుకోమని.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మద్రాసులో కొత్త రకం యంత్రం వచ్చింది. ఎక్స్‌రే లేకుండా అయస్కాంతంతో తీసేది, ఈ తెల్ల భాగం సంగతులు అందులో ఇంకా బాగా కనిపిస్తాయి. దాని మీద పని నేర్చుకోవడానికి మా ఆసుపత్రి నుంచి ఒక్కరికే అవకాశం. నాకే వస్తుందనుకున్నాను. ఎందుకనుకోకూడదు? డాక్టరుగారు అతన్ని పంపించారు. నేనుండబట్టలేక వెళ్ళి అడిగేశాను. తప్పు పట్టగలవాళ్ళు దొరుకుతారమ్మా, ఒప్పుకోగలవాళ్ళే దొరకరు, అన్నారాయన. బయటికొచ్చి, అతనికి శుభాకాంక్షలు చెప్పి, బాత్రూములోకెళ్ళి ఏడ్చాను.

అతను లేకుండానే మూడో విడత వచ్చింది. అత్తయ్యకి మళ్ళీ జుట్టు పెరిగింది. తెల్లగా, పల్చగా, నిమ్మకాయంత ముడి. గదిలోకి రాగానే నలువైపులా చూసింది.

"తెనాలి అబ్బాయి లేడా?"

మద్రాసు వెళ్ళాడని చెప్పాను. బల్ల అంచున కూర్చుంది. ఇక మొదలవుతుందిరా బాబూ అని బతిమాలడానికి సిద్ధమవుతున్నాను. కుదురు కూడా దగ్గర పెట్టుకున్నాను. ఆవిడ నెమ్మదిగా నాకు వీపు చూపిస్తూ తిరిగింది.

"విప్పు," అంది.

పిన్నులు ఒక్కొక్కటే తీసి స్టీలు గిన్నెలో వేశాను. ముడి విప్పాను. అత్తయ్య జుట్టు విరబోసుకుని, వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుంది. ఒక్కసారే అన్న మనిషి, నా బల్ల మీద, నా చేత. నాకు కళ్ళు మసకబారి మీటలు కనిపించలేదు. ఆ ఫిల్ము లాంటి ఫిల్ము నేను ఉద్యోగంలో ఇంకోటి తీయలేదు. ఇన్నేళ్ళకి నా వంతు వచ్చిందనుకున్నాను.

అయిపోయాక లేచి మళ్ళీ వీపు తిప్పింది. ఇంట్లో వేసినట్టే ముడి వేశాను. అరచేత్తో తడిమి చూసుకుని చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, ఏదో మర్చిపోయినదానిలా వెనక్కి తిరిగింది.

"ఆ అబ్బాయి అడిగాడుగా. విప్పానని చెప్పు అతనికి."

చెబుతాను అత్తయ్యా అన్నాను.

ఆవిడ ఆ తర్వాత కూడా చాలా పూతలు చూసింది. కొందరిని వాళ్ళ నాన్నల పేర్లతో పిలుస్తూనే చూసింది. ఆవిడ పోయిన రోజున వెల్లకిలా పడుకోబెట్టి జుట్టు విప్పింది కూడా నేనే. అతను తెనాలి నుంచి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి నాకంటే ఎక్కువ ఏడ్చాడు. ఇద్దరం రిటైరయ్యాం. ప్రతి వేసవికీ ఫోను చేస్తాడు. నూజివీడు రసాలు ఎలా ఉన్నాయండీ అంటాడు. కాసేపు అత్తయ్య గురించి మాట్లాడతాడు, అప్పుడు నా మొహమాటం వల్ల ఎంత పని జరిగేదండీ అని బాధపడతాడు. పూత సంగతీ, గాలివాన సంగతీ, బావ మనవల సంగతీ అన్నీ చెబుతాను.

ఆ ఒక్క మాట మాత్రం ఇంకా చెప్పలేదు.